వదిన కాని అక్కయ్య

అన్నయ్య భార్యను మనం ఏమంటాం? వదిన అంటాం. కోస్తా అయినా, రాయలసీమ అయినా, మా తెలంగాణ అయినా అంతే. కానీ ఒకప్పుడు తెలుగు పిల్లలందరికీ ఒక అన్నయ్య ఉండేవారు. ఆయన భార్యను ఏ పిల్లా వదినా అని పిలవలేదు. అక్కయ్యా అనే పిలిచారు. వరసల ప్రకారం చూస్తే ఇది తప్పే. ఆ తప్పు వరసలోనే ఆమె గొప్పతనమంతా ఉందని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఆమె పేరు న్యాయపతి కామేశ్వరి. పేరు చెబితే తెల్లమొహం వేసే వాళ్ళు కూడా రేడియో అక్కయ్య అంటే చటుక్కున గుర్తుపడతారు. భర్త న్యాయపతి రాఘవరావు గారు, రేడియో అన్నయ్య. 1939లో మద్రాసు రేడియోలో తెలుగు పిల్లల కోసం ఒక కార్యక్రమం మొదలైంది. దాన్ని నడిపిన గొంతులు ఈ ఇద్దరివీ. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. 1945లో బాల పత్రిక తెచ్చారు. ఎక్కడ చూసినా ఇద్దరి పేర్లూ కలిసే ఉంటాయి, రామలక్ష్మణుల్లాగా. కాకపోతే ఎప్పుడూ అన్నయ్య ముందు, అక్కయ్య వెనక. అందుకని ఇవాళ వెనక పేరు గురించే రాద్దామని కూర్చున్నాను.

కామేశ్వరి గారు 1908లో విజయనగరంలో పుట్టారు. ఆ ఊరి పేరు వినగానే మనకు గురజాడ వారు, కన్యాశుల్కం గుర్తొస్తాయి కదా. ఆ నాటకం రెండోసారి తిరగరాసి పెద్దదిగా అచ్చయింది 1909లో. అంటే ఈ పాప ఉయ్యాల్లో ఉన్నప్పుడే అదే ఊళ్ళో పసిపిల్లల్ని ముసలివాళ్ళకు అమ్ముకోవడం గురించి ఆ నాటకం లోకాన్ని నవ్విస్తోంది, సిగ్గుపడేలా చేస్తోంది. ఆడపిల్లకు పద్నాలుగేళ్ళు నిండాకే పెళ్ళి చేయాలన్న శారదా చట్టం వచ్చింది 1929లో. ఆ చట్టాన్ని తప్పించుకోవాలని దానికి ముందే హడావిడిగా పిల్లల పెళ్ళిళ్ళు చేసేసిన ఇళ్ళు దేశమంతటా ఉన్నాయి. అలాంటి కాలంలో కామేశ్వరి గారి పెళ్ళి జరిగింది 1934లో. లెక్కేసుకోండి, అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు! బి.ఎ. చదివిన మనిషి. ఈ రోజుల్లో కూడా ఇరవై ఆరేళ్ళ పిల్ల ఇంట్లో ఉంటే పేరంటానికి వచ్చిన వాళ్ళు ఊరుకుంటారా? తొంభై ఏళ్ళ కిందట ఆ మాటలన్నీ పడి నిలబడ్డ ఇల్లు అది.

రాఘవరావు గారు 1905లో గంజాం బరంపురంలో పుట్టారు. ఇప్పుడది ఒడిశాలో ఉంది. అంటే ఇద్దరూ ఉత్తరాది తీరం నుంచి దక్షిణాన మద్రాసుకు చేరిన వాళ్ళే. మద్రాసు రేడియో స్టేషను తెరిచింది 1938 జూన్‌లో. అప్పటికి మనకు వేరే రాష్ట్రం లేదు, విజయవాడ స్టేషనూ లేదు. తెలుగు వినపడాలంటే మద్రాసే. తమిళం, తెలుగు పంచుకోగా మిగిలిన టైములో పిల్లలకంటూ ఇంత సేపు తెచ్చుకోవడమే గొప్ప.

ఇక్కడ ఒక్క మాట. పిల్లలతో రేడియోలో వరస కలుపుకోవడం మన వాళ్ళు కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో బి.బి.సి. వాళ్ళు 1922 నుంచే పిల్లల గంట నడిపారు. అందులో మాట్లాడే పెద్దవాళ్ళను అంకుల్, ఆంటీ అని పిలిచేవారు. అంకుల్ మాక్ అంటే అక్కడ తెలియని పిల్లాడు ఉండేవాడు కాదు. మన వాళ్ళు దాన్నే దించుకుని ఉంటే రేడియో మామయ్య, రేడియో అత్తయ్య అయ్యేవారు. లేకపోతే బాబాయి, పిన్ని. అలా కాకుండా అన్నయ్య, అక్కయ్య అయ్యారు. చిన్న తేడాగా కనిపిస్తుంది కానీ ఆలోచించండి. అత్తయ్య ఎంత ముద్దు చేసినా పెద్దల జట్టులో మనిషి. మనం చేసిన అల్లరి అమ్మ చెవిన వేస్తుంది. అక్క అలా కాదు. జడ వేసేటప్పుడు గట్టిగా లాగుతుంది, ఒక మొట్టికాయ వేస్తుంది, కానీ నాయన ముందు మనల్ని పట్టివ్వదు. కథ చెప్పమంటే చెబుతుంది, మనం చెప్పే కథ కూడా వింటుంది. పిల్లలు చెప్పేది వినేది ఇంటిల్లిపాదిలో అక్క ఒక్కతే.

మరి మొగుడూ పెళ్ళాలు అన్నయ్య, అక్కయ్య ఎలా అవుతారని పెద్దవాళ్ళకు అనుమానం రావాలి. ఆ రోజుల్లో ఆడవాళ్ళు భర్త పేరు నోటితో పలికేవారు కాదు. ఏమండీ అనో, పిల్లాడి పేరు చెప్పి వాళ్ళ నాన్న అనో పిలిచేవారు. అలాంటి కాలంలో వేలమంది పిల్లల సాక్షిగా ఈ చిత్రమైన వరస నడిచింది. పిల్లలకు అందులో ఏ తిరకాసూ కనపడలేదు. ఆమె అన్నయ్య గారి భార్య కాబట్టి వాళ్ళకు చుట్టం కాలేదు. తన సొంత హక్కుతో చుట్టమైంది. నేను మొదట్లో చెప్పింది ఇదే. వదిన అంటే మొగుడి వైపు నుంచి వచ్చిన వరస. అక్క అంటే పుట్టుకతో వచ్చిన వరస.

ఎర్ర దీపం వెలిగితే

అప్పటి రేడియో ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. టేపుల మీద ముందే రికార్డు చేసి, తప్పులు కోసేసి వినిపించే వసతి తొలి రోజుల్లో లేదు. ఎర్ర దీపం వెలిగిందంటే పలికిన మాట పలికినట్టు ఊళ్ళకు పోతుంది. తుమ్మినా పోతుంది, కాగితం చప్పుడు చేసినా పోతుంది. పాడేవాళ్ళు మైకుకు ఎంత దూరం నిలబడాలి, గొంతు పెంచేటప్పుడు ఎంత వెనక్కి జరగాలి అనేది పెద్ద విద్వాంసులే తడబడే సంగతి. అలాంటి గదిలో ఆరేళ్ళ వాళ్ళను, ఎనిమిదేళ్ళ వాళ్ళను గుంపుగా నిలబెట్టి నాటిక వేయించడం, పాట పాడించడం మాటలు కాదు. ఒకడికి దాహం, ఇంకొకడికి ఏడుపు, మరొకడు తన వంతు కానప్పుడు నోరు తెరుస్తాడు. ఒక్క పెళ్ళిలో నలుగురు పిల్లల్ని ఫోటోకు నిలబెట్టి చూసిన వాళ్ళకు నేను చెప్పేది అర్థమవుతుంది.

అందులోనూ ఆడపిల్లల సంగతి వేరు. ఆ తరంలో మర్యాదస్థుల ఇంటి ఆడపిల్ల నలుగురిలో పాడితే పరువు పోయిందనుకునే వాళ్ళు తక్కువేం కాదు. సంగీతం నేర్పించేవారు, కానీ పెళ్ళిచూపుల్లో పాడటానికి. గ్రామఫోను ప్లేటు మీద, సినిమాలో, రేడియోలో గొంతు వినిపించడమంటే ఇంటి గడప దాటడంతో సమానం. అలాంటి ఇళ్ళ నుంచి తల్లులు తమ కూతుళ్ళను రేడియో స్టేషనుకు పంపారంటే అక్కడ అక్కయ్య ఉందన్న ధైర్యం ఒక కారణమని నాకు గట్టిగా అనిపిస్తుంది. చదువుకున్న ఇల్లాలు, భర్త పక్కనే ఉండి పనిచేసే మనిషి, పేరుకు తగ్గట్టు అక్క. ఇంతకంటే ఏం హామీ కావాలి? ఉపన్యాసాలు ఇచ్చి ఆడపిల్లల్ని బయటికి రప్పించిన వాళ్ళు ఎందరో ఉన్నారు, వాళ్ళకు దండం. ఈమె ఉపన్యాసం లేకుండా, ఆటలో అరటిపండు లాగా ఆ పని చేసేశారు.

బాలానందం అనే మాట కూడా గమనించండి. బాలశిక్ష కాదు, బాలబోధ కాదు. పిల్లలకు చెప్పే ప్రతి మాట చివర ఒక నీతి తగిలించే దేశం మనది. ఆ పేరులో నీతి లేదు, సంతోషం ఉంది.

1945లో బాల పత్రిక వచ్చింది. చందమామ కంటే రెండేళ్ళు పెద్దది. చందమామ 1947 జులైలో మొదలైంది, దాని వెనక నాగిరెడ్డి గారి సొంత ప్రెస్సు, చక్రపాణి గారి బుర్ర ఉన్నాయి. బాల వెనక ఉన్నది పిల్లల పిచ్చి పట్టిన ఒక జంట. అయినా ఆ బాల ఏం చేసిందో చూడండి. 1945లోనే ముళ్ళపూడి వెంకటరమణ గారి మొట్టమొదటి కథ అందులో అచ్చయింది. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్ళు. ఆ కథ పేరు అమ్మ మాట వినకపోతే. బాపు గారి తొలి బొమ్మలు వేసుకున్నదీ ఆ పత్రికే. అప్పటికి ఆయనా పిల్లవాడే. పిల్లల కోసం పెద్దవాళ్ళు రాసే పత్రికలు చాలా ఉన్నాయి. పిల్లలు రాసింది పెద్దవాళ్ళ రాతల పక్కనే వేసిన పత్రిక ఇది. తర్వాత తెలుగువాళ్ళ ఇళ్ళల్లో బుడుగును, సీగానపెసూనాంబను పెంచిన ఇద్దరికీ మొదటి పలక ఇక్కడే దొరికింది. ఆ పలక పట్టుకుని ఎదురుగా కూర్చున్న వాళ్ళల్లో ఒకామె అక్కయ్య. పద్నాలుగు సంవత్సరాలు నడిచి 1959లో బాల ఆగిపోయింది.

1948 డిసెంబరులో విజయవాడ రేడియో స్టేషను వచ్చింది. 1956లో రాష్ట్రం ఏర్పడ్డాక ఈ దంపతులు మద్రాసు వదిలి హైదరాబాదు వచ్చేశారు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఒక మహానగరంలో అల్లుకున్న పనంతా వదిలి, ఉర్దూ మాట్లాడే ఇంకో నగరంలో మళ్ళీ మొదటి నుంచి పిల్లల్ని పోగుచేయడమంటే ఎంత ఓపిక కావాలి! మన ఆడవాళ్ళకు బదిలీల సంగతి తెలుసు. పాలవాణ్ణి, బడిని, పక్కింటివాళ్ళను కొత్తగా వెతుక్కోవడానికే ఏడాది పడుతుంది.

ఆ 1956లోనే మా నారాయణఖేడ్ కూడా చిరునామా మార్చుకుంది. అంతదాకా మేము బీదర్ జిల్లా. ఆ ఏడు బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది, మమ్మల్ని మెదక్ జిల్లాలో కలిపారు. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా అనుకోండి. అందుకే మా దగ్గర ఇప్పటికీ ఒకే వాకిట్లో అయిదు భాషలు వినపడతాయి. అంగట్లో కన్నడం, మరాఠీ, దఫ్తరులో ఉర్దూ, తండాల్లో లంబాడీ మాట, ఇంట్ల తెలుగు. ఆ తెలుగులోనూ సగం కన్నడమే ఉందని హైదరాబాదు చుట్టాలు నవ్వేవారు. బీదర్ మాకు పక్కనే. హైదరాబాదు వంద కిలోమీటర్లకు పైమాట.

నేను రేడియో విన్నది 1970ల్లో. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి నాయన తెచ్చిన సెట్టు. ఆదివారం మధ్యాహ్నం బాలానందం వచ్చే వేళకు మా అవ్వ జొన్నలు చాటలో పోసుకుని గడపలో కూర్చునేది. రాళ్ళు ఏరుకుంటూ మాకంటే ఎక్కువ ఆమే వినేది. నాలుగో తరగతిలో బడి మానిపించిన మనిషి. పిల్లల కార్యక్రమమని పేరే గాని, చదువు ఆగిపోయిన తల్లులు ఎందరు అట్లా చాటున కూర్చుని విని ఉంటారో!

నిజం చెప్పాలంటే నాకు అప్పుడు ఒక కొరత కూడా ఉండేది. రేడియోలో మాట్లాడే పిల్లల తెలుగు మా తెలుగు కాదు. వాళ్ళు చక్కగా, పుస్తకంలాగా పలికేవారు. మేము పోతం, వస్తం అనేవాళ్ళం. మాలాంటి పిల్లల్ని కూడా ఎవరైనా ఆ గదిలోకి పిలుస్తారా అని అనుమానం. మద్రాసులో పుట్టిన కార్యక్రమానికి ఆ యాస సహజమే, అందులో ఎవరి నేరమూ లేదు. కానీ తలుపు ఉందని తెలియడం ఒకటి, ఆ తలుపు మన కోసమూ తెరుస్తారని తెలియడం ఇంకొకటి.

తర్వాత నేను టీచరు ట్రైనింగుకు హైదరాబాదు వచ్చి ఒక హాస్టల్లో ఉన్నాను. నారాయణగూడలో బాలానంద సంఘం చూశాను. పిల్లలు ఆడుతున్నారు, ఒక మూల ఏదో నాటిక నేర్చుకుంటున్నారు. ఎవరూ ఎవరినీ చేతులు కట్టుకుని నిలబడమనడం లేదు. అప్పటికే కామేశ్వరి గారు పోయారు. ఆమె గురించి అడిగి తెలుసుకోవడం అక్కణ్ణుంచే మొదలుపెట్టాను.

మా ప్రాంతంలోనే ముప్పై ఏళ్ళ పైన పాఠాలు చెప్పాను. తండా నుంచి వచ్చే ఆడపిల్లలు లెక్కలు టకటకా చేసేవారు. లేచి నిలబడి రెండు మాటలు చెప్పమంటే మాత్రం చున్నీ కొస నోట్లో పెట్టుకునేవారు. తెలుగు తప్పు పోతుందేమోనని భయం. అప్పుడు నేను చేసిందల్లా ఒకటే. అక్కయ్య పద్ధతి. తప్పు దిద్దడం తర్వాత, ముందు మాట్లాడనివ్వడం. శనివారం చివరి పీరియడులో ఒక అట్టపెట్టెకు బొక్కపెట్టి రేడియో అన్నాము. పెట్టె వెనక కూర్చుంటే మొహం కనపడదు. ఇక చూడండి, లంబాడీలో ఒకతి పాట, కన్నడంలో ఒకతి పొడుపుకథ, తెలుగులో పంతులమ్మ మీద హాస్యం! నా మీదనే. ఒక పాప పెట్టె వెనక నుంచి నాకు పెళ్ళి సంబంధం చూశారు, నేను చదువుకుంటా అని వార్తల్లాగా చదివేసింది. తరగతి నిశ్శబ్దమైపోయింది. ఆ సాయంత్రమే వాళ్ళ ఇంటికి పోయాను. రెండేళ్ళు ఆగారు. పదో తరగతి పాసైంది. పెట్టె లేకపోతే ఆ మాట ఆ పిల్ల నోట వచ్చేది కాదు.

పెట్టెలో ఏం మహిమ లేదు. వినే మనిషి ఒకరు ఉన్నారన్న నమ్మకం కావాలి అంతే. మద్రాసులో 1939లో ముప్పై ఒక్కేళ్ళ ఇల్లాలు మైకు ముందు నిలబడి పిల్లలకు ఇచ్చింది ఆ నమ్మకమే. ఆమె సొంత గానం ఎంత, నటన ఎంత అని కొలిచేవారికి పెద్దగా దొరకదు. ప్రత్యక్షంగా పలికిన మాటలు గాలిలో కలిసిపోయాయి. కథలు రాసినవారికి పుస్తకం మిగులుతుంది, సినిమా తారకు బొమ్మ మిగులుతుంది. పిల్లలకు నాటిక నేర్పించిన వాళ్ళకు ఏం మిగులుతుంది? పక్కకు నిలబడి పెదవులు కదుపుతూ, పిల్లాడు మరిచిపోయిన మాట అందించే పని అది. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసే పనులు చాలావరకు ఇట్లాంటివే కనుక నాకు అర్థమవుతుంది.

కామేశ్వరి గారు 1980 నవంబరులో కన్నుమూశారు. అన్నయ్య ఇంకో మూడేళ్ళకు పైగా ఉండి 1984 ఫిబ్రవరిలో వెళ్ళిపోయారు. ఈ లోపల ఇంకో సంగతి జరిగింది. హైదరాబాదు రేడియోలో 1970ల నడుమ నుంచి పిల్లల కార్యక్రమాలు చూసిన తురగా జానకీరాణి గారిని కూడా పిల్లలు రేడియో అక్కయ్య అనే పిలవడం మొదలుపెట్టారు. చలం గారి మనవరాలు, కథా రచయిత్రి, నాట్యం నేర్చిన మనిషి. భర్త కృష్ణమోహనరావు గారు 1974లో ప్రమాదంలో పోతే చిన్నపిల్లలతో నిలదొక్కుకున్నారు. నేను చిన్నప్పుడు విన్న అక్కయ్య ఆమే. మద్రాసులో ఒకామెకు పెట్టిన ముద్దుపేరు హైదరాబాదు చేరేసరికి పదవిలాగా అయ్యింది. అన్నయ్య పేరు మాత్రం అలా ఇంకొకరికి పోయినట్టు నేను వినలేదు.

జానకీరాణి గారు 2014 అక్టోబరులో పోయారు. రేడియో అక్కయ్య ఇక లేరని పేపర్లలో వచ్చింది. మా పెద్దనాయన కోడలు, మాకు వదిన అవుతుంది, చిన్నతనమంతా మద్రాసులో గడిపిన మనిషి. పొద్దున్నే నాకు ఫోను చేసింది. పేపరువాళ్ళు ఇంత ఆలస్యంగా వేశారేమిటి, ఆమె 1980లోనే పోయారు కదా అని ఒకటే గొడవ. వీరు వేరు, వారు వేరు అని ఇద్దరి పేర్లూ విడమరిచి చెప్పాను. కాసేపు ఊరుకుని, అయితే మీకు ఒక అక్కయ్య, మాకు ఒక అక్కయ్య అన్నమాట అని, తన అక్కయ్య గురించి అరగంట మాట్లాడింది. ఫోను పెట్టేసరికి నా పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.